నీలి దారం కుట్టు

నేను బైండింగ్ పనివాణ్ణి. ముప్ఫై ఏళ్ళుగా ఆదాయపు పన్ను ఆఫీసు ఫైళ్ళు కుడుతున్నాను. ఇంతవరకు అందులో ఒక్క కాగితం చదివిన పాపాన పోలేదు. గొప్పకు చెప్పడం లేదు. కాదులెండి, గొప్పకే చెబుతున్నాను, మొన్నటిదాకా నాకున్న గొప్ప అదొక్కటే. ఎవరెంత దాచారో తెలిపే కాగితాలన్నీ నా బల్ల మీదే గుట్టలుగా పడి ఉండేవి. నేను మాత్రం దబ్బనం మొన మీంచి చూపు తిప్పేవాణ్ణి కాదు.

పని నేర్పినాయన నాకు రెండే చెప్పాడు. చదవకు, అది మొదటిది. కుట్టిన ఫైలు విప్పి మళ్ళీ కుట్టాల్సి వస్తే ఆ చోట నీలి దారమే వాడు, వెన్ను మీద గుడ్డ అతికించే ముందు దాని కింద పెన్సిలుతో తేదీ వెయ్యి, ఇది రెండోది. "విప్పిన సంగతి దాచకూడదురా, సన్నాసీ" అనేవాడు. ఆయన పోయి పదేళ్ళయినా నేను ఆ రెండూ తప్పలేదు.

మా అక్క నర్సుగా చేసి రిటైరైంది. బావగారు మంచాన పడ్డప్పుడు ఇంటి స్థలంలో సగం అమ్మి, పన్ను కట్టి, రసీదులన్నీ భద్రంగా దాచుకుంది. ఆరేళ్ళ తర్వాత నోటీసు వచ్చింది. ఆ ఏడాది లెక్క మళ్ళీ తెరుస్తున్నాం, అమ్మకం ధర తక్కువ చూపించారు అని దాని సారాంశం. వాళ్ళు అడిగేది కట్టాలంటే మిగిలిన సగం స్థలం కూడా ఇంటితో సహా అమ్ముకోవాలి.

"నువ్వు రోజూ ఆ ఆఫీసుకి వెళ్తూనే ఉంటావు కదరా. నా ఫైల్లో ఏముందో ఒక్కసారి చూసి చెప్పరాదూ?" అని అడిగింది.

"చూడనక్కా. అన్నం పెట్టే చోట అలాంటి పని చెయ్యలేను."

అక్క మొహం చిన్నబుచ్చుకుంది. వారం రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ బెట్టు చేశాను.

తర్వాత అక్క కేసు మొదటినుంచీ చూస్తున్న లాయరమ్మ దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఆవిడ రసీదుల జోలికే పోలేదు. "మూసేసిన లెక్క ఇన్నేళ్ళ తర్వాత తెరవాలంటే పై అధికారి అనుమతి ఉండాలి. అదీ నోటీసు పంపకముందే. ఆ కాపీ ఇమ్మని నాలుగుసార్లు రాశాను, ఉలుకూ పలుకూ లేదు. ఆ కాగితం లేదని తేలితే నోటీసు చెల్లదు. మీ ఇల్లు మీకే ఉంటుంది" అంది. అక్క ఆ రోజు చాలాకాలానికి కడుపు నిండా తిన్నది.

విచారణ రోజున కోర్టులో మేమిద్దరం లాయరమ్మ వెనక బల్ల మీద కూర్చున్నాం. ఆఫీసు తరఫు లాయరు లేచి, తాపీగా ఫైలు తీసి ముందు పెట్టాడు.

"అనుమతి ఇందులోనే ఉందండి. నోటీసుకు వారం ముందు తేదీ, పై అధికారి సంతకం."

లాయరమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "అయిపోయిందిరా" అంది.

"ఈ కాగితం మొదటినుంచీ ఫైల్లోనే ఉందా?" అని జడ్జిగారు అడిగారు.

"మొదటి రోజు నుంచీ ఉందండి. కుట్టిన ఫైలు. మధ్యలో కాగితం దూర్చడం కుదిరే పని కాదు."

ఫైలు లాయరమ్మ చేతికొచ్చింది. ఆ కాగితం దగ్గర బార్లా తెరిచి చూస్తోంది. నేనూ మెడ చాచి చూశాను. కాగితాన్ని కాదు, అలవాటు కొద్దీ కుట్టును చూశాను. అంతా తెల్ల దారం. ఆ ఒక్కచోట నీలం.

ఆ కుట్టు నాదే.

రెండు నెలల కిందట, భోజనాల వేళ దాటాక, ఆఫీసు నుంచి మీసాల గుమాస్తా వచ్చాడు. "ఒక కాగితం మిగిలిపోయింది పెద్దాయనా, ఇక్కడ పెట్టి కుట్టేయ్. నేను కూర్చుంటాలే" అన్నాడు. స్టూలు మీద కూర్చుని టీ తాగాడు. పనితనమంటే నీదే అని మెచ్చుకున్నాడు, నేను పొంగిపోయాను. ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో మా అక్క పేరు ఉండే ఉంటుంది. బొటనవేలు దాని మీద ఆనించే కుట్టి ఉంటాను. ఛీ, కళ్ళుండి ఏం లాభం! తోడబుట్టినదాని కొంప నా చేత్తోనే కూల్చాను.

నోరు విప్పితే రేపటినుంచి పని ఉండదు. కేసులో నన్నూ ఇరికిస్తారు. ఇదంతా తెలుస్తూనే ఉంది, కానీ కాళ్ళు అప్పటికే లేచి నిలబడ్డాయి.

"అయ్యా, ఆ ఫైలు కుట్టింది నేనేనండి."

హాలంతా నా వైపు తిరిగింది. జడ్జిగారు కూర్చోమంటారనుకున్నాను. అనలేదు.

"ఆ కాగితం రెండు నెలల కిందట ఆఫీసు గుమాస్తా తెచ్చి నా చేత కుట్టించాడండి. విప్పి కుట్టినచోట నీలి దారం వాడతాను. వెన్ను మీద గుడ్డ ఊడదీయించండి, కింద నా చేతిరాతతో తేదీ ఉంటుంది."

కోర్టు ఉద్యోగి చాకు తెచ్చి గుడ్డ మెల్లగా లేపాడు. జడ్జిగారు వంగి చూశారు, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. తర్వాత ఆ తేదీ పైకి చదివారు. ఆఫీసు లాయరు కూర్చుండిపోయాడు. నోటీసు మీద ఏ చర్యా తీసుకోకూడదని, గుమాస్తాను హాజరుపరచాలని జడ్జిగారు చెప్పారు. నా వాంగ్మూలం రాయించమని, నేను ఊరు దాటకూడదని కూడా అన్నారు.

బయట వరండాలో అక్క వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టుకుంటోంది.

"నా ఫైలు చూడమని నేను నిన్నడిగిన వారమే కదరా అది?"

"అవునక్కా."

"అప్పుడది నీ బల్ల మీదే ఉందా?"

తల ఊపాను. అక్క ఏడవలేదు, తిట్టలేదు. నన్ను ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసింది. అదే భరించలేకపోయాను.

అంతలో కోర్టు ఉద్యోగి టైపు చేసిన వాంగ్మూలం తెచ్చి, సంతకం పెట్టాల్సిన చోటు చూపించాడు. నేను అలవాటుగా పెన్ను అందుకున్నాను. అక్క నా మణికట్టు పట్టుకుని ఆపింది. తన కళ్ళద్దాలు తీసి నా ముక్కు మీద పెట్టింది.

"చదివి పెట్టు" అంది.

మొదటి పంక్తిలోనే అక్క పేరు ఉంది.