పెండ్లి అంగి, అగ్గికొండ

బహ్రెయిన్‌లో చూడదగ్గ కొండ ఒక్కటీ కనిపించి చావదు. గుదైబియా పేటలోని ఫోటో స్టూడియో వెనక తెర మీద మాత్రం ఓ దీవి ఉంది. నిప్పులు కక్కే కొండ, కింద రాతి శిల్పాలు. తొంభై నాలుగులో ఓ శుక్రవారం పెళ్లి చొక్కా తొడుక్కుని ఆ తెర ముందు ఫోటో దిగాను. దీవి చూసొచ్చానని, ఉత్తరానికి బదులు మాటలు రికార్డు చేసే క్యాసెట్‌లో కోతలు కోసి, రెండూ ఇంటికి పంపాను. నా గదిలోనే ఉండే మా ఊరి స్వామి కూడా వాళ్లింటికి ఓ ఫోటో పంపాడు.

నెల తర్వాత నా భార్య ముత్తెమ్మ క్యాసెట్ వచ్చింది. గదిలో అందరం విన్నాం.

"ఎనక కొండ కాలుతుంటే ఉరకకుంట ఇకిలిస్తున్నవా? బొమ్మలు మంచిగున్నయ్. స్వామి ఫోటోల గూడ గదే కొండ, గదే పొగ. ఇద్దరు కలిసి పోయిన్రనుకున్న. గని పెండ్లికి మా నాయిన పెట్టిన అంగి ఆయన మీదికెట్ల పోయింది?"

నేను స్వామి వైపు తిరిగాను. వాడు ఒంటి మీదున్న నా పెళ్లి చొక్కా గుండీలు మెల్లగా విప్పుకుంటున్నాడు.