రెండు బొమ్మల నడుమ

నా కొడుకు కొండల్‌ది వైపని. కరెంటు మగ్గం, అదే సాంచా, మీద ఒక భీముకు చుట్టిన పడుగు దారం అయిపోవస్తే, ఆ చివరి పోగులకు కొత్త భీము పోగులను ఒక్కొక్కటే ముడేసి అతికే పని. అయినా సర్కారు ఇచ్చే కార్మికుల కార్డుల జాబితాలో వైపని వాళ్లు లేరు, నేసేవాళ్లే ఉన్నరు. జాబితా మార్చే విషయమై కరీంనగర్‌లో మీటింగు పెట్టిండ్రు. సిరిసిల్లలోని మా వాడ తరఫున మాట్లాడే పని వాని బిడ్డ, నా మనుమరాలు కావ్య మీద పడ్డది.

కావ్య ల్యాప్‌టాప్‌లో, నెట్టు మీదనే, స్లైడ్లు తయారు చేసింది. నాలుగో దాంట్లో అయిపోవచ్చిన పాత భీము. అయిదో దాంట్లో కొత్త భీముతో నడిచే సాంచా.

"మీ బాపు ఏడి?" అన్న.

"గీ రెండిటి నడుమ ఉన్నడు బాపమ్మా."

"నడుమ ఏం కనపడ్తలేదు."

"ఒకటి పోతది, ఇంకోటి వస్తది. రెండిటిని అతికి చూపెట్టే తీరు దీంట్ల లేదు. అందుకే ఆరోదాంట్ల వీడియో పెట్టిన."

"నెట్టు రాకపోతే?"

"వస్తది. నువ్వు దానికంటే ముందే పరేషాన్ గాకు."

కాకుండా ఎట్లుంట? నేను చదువు నేర్చుకున్నది కిరాణం పొట్లాల కాయితాల మీద. ఇప్పటికీ పుస్తకం చదివితే వెనుక పేజీలో వేలు పెట్టుకుంట. ఇక్కడ వేలు పెట్టే చోటు లేదు. మా ఆయన మగ్గం పనికని భీవండి పోతు బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపిండు. బస్సు మలుపు తిరిగింది. ఆయన మళ్ల రాలే. ఆ స్లైడు పోయే తీరు చూస్తే ఆ మలుపే యాదికొచ్చింది.

మీటింగు హాలులో నెట్టు సరిగ్గ అందలేదు. అయిదు స్లైడ్లు ఎట్లనో వచ్చినయి. వీడియో మీద మాత్రం చిన్న సున్నా తిరుగుతనే ఉన్నది.

"భీము మార్చిండ్రు, అంతే కదా?" అని ఆఫీసరు గడియారం చూసుకున్నడు.

కావ్య వెనక్కి పోయింది, ముందుకొచ్చింది. పాతది, కొత్తది.

"నాలుగోదాని కాడ ఆపు బిడ్డా," అన్న వెనుక వరుసలోంచి. పక్కన కొండల్ తల వంచుకొని కూసున్నడు. "లేవురా."

"నేనేం మాట్లాడ్త అవ్వా?"

"మాట్లాడకు. ముడెయ్యి."

వాడు పోయి తెర మీద పడే వెలుగుకు అడ్డంగ నిలబడ్డడు. చేతిలో దారం లేదు. పోగు జారకుండ బూడిద అద్దుకున్నట్టు వేళ్లు రుద్దుకొని, అలవాటు కొద్దీ కదిపిండు. తెర మీద పాత పోగుల కాడ వాని వేళ్ల నీడ పడ్డది. ఒక ముడి. ఇంకో ముడి. ఎవరూ ఆపమనలేదు కాబట్టి వాడు ఆపలేదు.

"ఒక్క భీముకు ఎన్ని?" అన్నడు ఆఫీసరు.

"రెండు వేల పైననే సార్. ఒక్కటి తప్పినా బట్ట మీద గీత పడ్తది," అన్నడు కొండల్.

ఆయన కాయితం మీద ఏదో రాసుకున్నడు. కార్డు వస్తదో రాదో చెప్పలేదు. అందరూ లేచినంక నేను ఆఫీసరు బల్ల కాడికి పోయి, కండ్లద్దాలు పెట్టుకొని ఆ కాయితం చూసిన. జాబితా కింద, చేత్తో రాసిన కొత్త వరుస, వైపని అని. దాని మీద వేలు పెట్టి రెండుసార్లు చదివినంకనే మెట్లు దిగిన.