పొయ్యి ముందు మోకాళ్ళు

మూడు వేల ఏళ్ళనాటి పొయ్యి మీద కాచిన టీ తాగినవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. రుచికి వంక పెట్టలేం. అయినా ఈ కథ నాది కాదు, మా అన్నకొడుకు భార్యది. ఆవిడ చెప్పిందీ, నేను చూసిందీ కలిపి రాస్తున్నాను.

కోడలు నలభైకి దగ్గరపడ్డాక యూనివర్సిటీలో భూగోళం, పురావస్తుశాస్త్రం చదవడానికి చేరింది. ఆ కబురు చెప్పిన పొద్దున ఆమె గిన్నెలు తోముతోంది. "మట్టి తవ్వడానికి యూనివర్సిటీ దాకా ఎందుకు? పెరట్లో ఇన్ని కుండీలున్నాయిగా" అన్నాడు మొగుడు, పేపరు దించకుండానే. "మ్యాపులు నేర్చుకుని ఎక్కడికెళ్తావే? వంటింట్లోంచి హాల్లోకి దారి నీకు తెలియందా?" అంది అత్తగారు. ఇద్దరూ నవ్వారు. కోడలూ నవ్వింది. నవ్వకపోతే మొహం ముడుచుకుందంటారు, ముడుచుకుంటే చదువు తలకెక్కిందంటారు. ఆ ఇంట్లో ఆమె రోజూ తోమి తోమి మెరిపించింది గిన్నెల్ని కాదు, ఆ నవ్వుని.

అన్నం ఉడికేలోగా నదులు దారి ఎందుకు మార్చుకుంటాయో చదివేది. బట్టలు ఆరేస్తూ మట్టి పొరల గురించి ఆలోచించేది. పైనున్నది కొత్తది, కిందున్నది పాతది, మధ్యలో ఎవరైనా గొయ్యి తీస్తే లెక్కంతా తారుమారు. తనలోనూ అలాగే అనిపించేది. పైన కోడలు. కోడలి కింద భార్య. భార్య కింద, అట్లాసు మీద బోర్లా పడుకుని సముద్రాల్ని వేలితో దాటేసిన పిల్ల. ఇంకా కిందికి వెళ్తే ఏముందో తవ్వి చూసినవాళ్ళు లేరు. తనే చూద్దామంటే ఈలోగా కుక్కరు కూత వేసేది.

రెండో ఏడు తవ్వకాల క్యాంపు వచ్చింది. మనుషులు ఎప్పుడో వదిలేసి పోయిన ఒక దిబ్బ. దాని మీద నలుచదరంగా తాళ్ళు కట్టి ఒక్కొక్క విద్యార్థికీ ఒక్కొక్క గుంట ఇస్తారు. ఆ గుంటని సొంతంగా తవ్వి రిపోర్టు రాస్తేనే డిగ్రీ. లేదంటే రెండేళ్ళ చదువూ నీళ్ళపాలే. ఇంట్లో డబ్బాలన్నిటికీ పేర్లు అంటించి, అత్తగారి మందులు వేళల వారీగా సర్ది, కోడలు బయల్దేరింది.

రెండో రోజే క్యాంపు వంటమనిషి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. ప్రొఫెసరు చల్లగా వచ్చాడు. "అమ్మా, వీళ్ళంతా చిన్నపిల్లలు. మీకైతే అనుభవం ఉంది. కొత్తవాడు దొరికేదాకా కాస్త చూడండి. మీ గుంట మన కుర్రాళ్ళు చూసుకుంటార్లెండి."

"సరే సార్" అనే మాట ఆమెని అడక్కుండానే నోట్లోంచి బయటికొచ్చేసింది. ఏళ్ళ అలవాటు. కొత్తవాడు దొరకలేదు. వెతికితే కదా దొరకడానికి! వంట రుచిగా ఉంటే వంటమనిషిని ఎవరు వెతుకుతారు? "ఆంటీ, ఇంకొంచెం పప్పు", "ఆంటీ, చారు అదిరింది". ఆ మెచ్చుకోళ్ళు వింటూ ఆమె డేరాలో కూర్చుని, తాళ్ళవతల తన గుంట తను లేకుండా లోతవుతుంటే చూసేది.

ఇక్కడ ఇలా ఉండగా, అక్కడ మా అన్నకొడుకు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "చిన్నాన్నా, ఇల్లు కుక్కలు చింపిన విస్తరిలా ఉంది. నీ మాటైతే వింటుంది. వెళ్ళి తీసుకురా" అన్నాడు. సరేనని బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి ఉల్లిపాయలు తరుగుతోంది.

"మిమ్మల్ని పంపించారా మామయ్యా?"

"పంపించాడు."

"చెయ్యి పట్టుకు లాక్కురమ్మన్నారా?"

"నా నడుము సంగతి తెలిసి కూడా ఆ మాట అడుగుతున్నావా?"

నవ్వబోయి ఆగింది. "రమ్మంటే వచ్చేస్తాను. వంటే చెయ్యాలంటే ఇంత దూరం ఎందుకు? అక్కడైతే కనీసం ఫీజు కట్టక్కర్లేదు."

అంతలో తాళ్ళ దగ్గర్నుంచి కేకలు. "పొయ్యి! పొయ్యి దొరికింది!" అది కోడలి గుంట. చేతిలో గరిటెతోనే పరుగెత్తింది. వెనకే నేను.

చూద్దుము కదా, అందరూ మోకాళ్ళ మీదున్నారు. ప్రొఫెసరు, కుర్రాళ్ళు, అమ్మాయిలు, అందరూ. ఒకడు ఫొటోలు తీస్తున్నాడు, ఒకడు టేపుతో కొలుస్తున్నాడు, ఇంకొకడు ఊపిరి బిగబట్టి బూడిద మీది మట్టిని కుంచెతో తుడుస్తున్నాడు. "మెల్లిగా! మూడు వేల ఏళ్ళ మాట. ఎంత అపురూపమైందో తెలుసా? ఈ యింటి యజమాని ఏం తిన్నాడో ఈ బూడిదే చెబుతుంది" అన్నాడు ప్రొఫెసరు గొంతు తగ్గించి. తర్వాత తలెత్తాడు. "ఆ, అమ్మా, వచ్చారా? అందరికీ టీ పెట్టేస్తారా?"

కోడలు కదల్లేదు. పెళ్ళయిన మర్నాటి నుంచీ ఆమె పొయ్యి ముందే నిలబడింది. ఆ పొయ్యి ముందు మోకరిల్లినవాడు లేడు, గొంతు తగ్గించినవాడు లేడు. చల్లారి మూడు వేల ఏళ్ళయితే గానీ పొయ్యికి మర్యాద రాదు కాబోలు. అప్పటిదాకా ఆగే ఓపిక ఆమెకి లేకపోయింది.

"సార్, ఇది నా గుంట."

"అవునమ్మా, కానీ..."

"ఈ చల్లారిన పొయ్యి సంగతి నేను చూసుకుంటాను. వెలుగుతున్నది ఆ డేరాలో ఉంది. రేపటి నుంచి అందరం వంతులేసుకుందాం. ఇవాళ్టి వంతు మీది." గరిటె ఆయన చేతిలో పెట్టింది.

ఒకమ్మాయి కిసుక్కున నవ్వింది. ప్రొఫెసరు గరిటెని ఏ కాలం నాటిదో తేల్చుకోలేనట్టు చూశాడు. "నాకు టీ పెట్టడం రాదమ్మా."

"నాకు తవ్వడం రాదు సార్. నేర్చుకుందామనే వచ్చాను. మీరూ నేర్చుకోండి."

వెళ్ళాడు పాపం! నేను తాగిన టీ అదే. పాత పొయ్యి మీద కాచిందని గొప్పలు పోయాను గానీ, గ్యాసు స్టవ్ మీద ప్రొఫెసరు కాచింది. రుచి మాట కూడా అబద్ధమే. సగం మాడింది, సగం విరిగింది.

కోడలు గుంటలోకి దిగింది. కాసేపటికి ఫోను మోగింది. "ఉప్పు ఎక్కడ పెట్టావు?" అంటున్నాడు మా వాడు. "పేరు అంటించే ఉందండీ. నేనిక్కడ పాతకాలం బూడిద వెతుక్కుంటున్నాను, మీరు మన ఇంట్లో ఉప్పు వెతుక్కోలేరా?" అని పెట్టేసింది. నేను ఒంటరిగా బస్సెక్కాను. ఖాళీ చేతుల్తో వెళ్ళినందుకు మా వాడు నాతో నెల్లాళ్ళు మాట్లాడలేదు. హాయిగా ఉండింది.

మిగిలిన రోజులు ఆమె గుంట వదల్లేదు. అందరూ అడుగు వచ్చేసిందన్న చోట మట్టి రంగు ఇంకా మారుతోందని పట్టుకుంది. పొర తర్వాత పొర గీకుతూ పోతే పొయ్యి కింద మరో పొయ్యి, దాని కింద ఇంకొకటి. అన్నిటికన్నా అడుగున ఉన్నదాని అంచు మీద నాలుగు వేళ్ళ గుర్తులు. పచ్చి మట్టి మెత్తిన చెయ్యి. కోడలు తన వేళ్ళు పెట్టి చూస్తే అతికినట్టు సరిపోయాయి. ఆ గుంట మీద రాసిన రిపోర్టుకే ఆమెకి క్లాసులో మొదటి స్థానం వచ్చింది. ఇప్పుడా దిబ్బ మీద తవ్వకాలకి ఆమే పెద్ద. ఆమె క్యాంపులో ఎవరైనా సరే వంతు రాగానే గరిటె పట్టాల్సిందే. చూసొద్దామని వెళ్ళిన మొగుడు కూడా ఉల్లిపాయలు తరిగి, కళ్ళు తుడుచుకుంటూ ఇల్లు చేరాడు.

ఇంతవరకు రాసి కోడలికి చదివి వినిపిస్తే కోప్పడింది. వేళ్ళ గుర్తుల మాట నా కల్పన. అలాంటివేమీ దొరకలేదు. "మరి అక్కడ ఒక ఆడమనిషి ఉండేదని జనానికి ఎలా తెలుస్తుందే?" అన్నాను.

"పొయ్యి దొరికింది కదా మామయ్యా. ఇంకా ఏం గుర్తు కావాలి?" అంది.