వెనక సగం

మా నాన్న పుస్తకాలు బైండింగ్ చేస్తాడు. గాలిని మూటగట్టే పిల్ల కథ మొదటి భాగం ఇంటికొచ్చినప్పుడు నేనూ చెల్లీ దానికోసం జుట్టూ జుట్టూ పట్టుకున్నాం. నాన్న పుస్తకాన్ని నడిమికి కోసి, రెండు సగాలకీ అట్టలు వేసి, చెరొకటి చేతిలో పెట్టాడు. చదివాక మార్చుకోవాలి, అదీ ఒప్పందం.

చెల్లి వెనక సగమే ముందు తీసుకుంది. ఆగలేదు కదా మహాతల్లి. పోనీ చదివి ఊరుకుంటుందా, దాని నోట్లో నువ్వుగింజ నానదు. నేను పదో పేజీలో ఉండగానే ఎవరు చస్తారో, ఎవరు మోసం చేస్తారో చెవిలో ఊదేసింది. ఎంత తిట్టానో లెక్కలేదు.

రెండో భాగం వచ్చేసరికి చెల్లి లేదు. జ్వరమని ఆసుపత్రిలో చేర్చిన నాలుగో రోజున పోయింది. అప్పటికి మూడు నెలలు. పుస్తకం రాగానే ఇవ్వమని చెల్లే పుస్తకాల కొట్లో చెప్పి ఉంచిందట, కొట్టాయన తెచ్చి నాన్న చేతికిచ్చాడు.

సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి నా మంచం మీద ముందు సగం ఉంది. చెల్లి మంచం మీద వెనక సగం. అట్టల జిగురు ఇంకా తడి ఆరలేదు.

నాకు కోపం నషాళానికంటింది.

"ఎవరికోసం కోశావు నాన్నా?"

నాన్న రెండు మంచాల వంకా చూశాడు. అప్పటిదాకా ఆయనకి తట్టనే లేదు. అలవాటుకొద్దీ చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. వేళ్లకంటిన జిగురు చొక్కాకి తుడుచుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. ఎందుకన్నానా అనిపించింది గాని, అన్న మాట వెనక్కి రాదు.

వారమంతా ముందు సగంతో కుస్తీ పట్టాను. ముందే చెప్పేసేవాళ్లు లేక ఆ కథకి రుచే లేదు. చెల్లి మంచం మీది సగం కనబడలేదు. నాన్న దాచేశాడనుకున్నాను. అడగడానికి మొహం చెల్లలేదు.

ఆదివారం పొద్దున ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పుస్తకమంటే ఆయనకి కుట్టూ అట్టా అంతే, జన్మలో ఒక్క కథ చదివిన మనిషి కాదు. చేతిలో వెనక సగం ఉంది. అంచులు నలిగిపోయి ఉన్నాయి.

"మొదలు తెలీదుగా, సగం అర్థమే కాలేదమ్మా. అయినా చివరిదాకా చదివాను. నువ్వెక్కడున్నావు?"

నలభయ్యో పేజీ అన్నాను. ఆయన అచ్చం చెల్లిలాగే నా చెవి దగ్గరికి వంగాడు.

"ఆ పడవవాణ్ణి మాత్రం నమ్మకు."

ఎందుకు చెప్పావని తిట్టబోయాను, దాన్ని తిట్టినట్టే. ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చాను. చెల్లి పోయిన రోజున కూడా నేనలా ఏడవలేదు.