బెత్మా మిషన్ చప్పుడు

బెల్గాసెమ్ మణికట్టు పాడైపోయిన సంవత్సరం అది. మా బూసాదా ఊళ్ళో కత్తులు చేసేవాళ్ళలో ఇప్పటికీ ఆకురాయితోనే ఇనుము అరగదీసేవాడు అతనొక్కడే మిగిలాడు. ఉదయం లేవగానే కుడిచేతి వేళ్ళు ముడుచుకునేవి కావు. గోరువెచ్చని ఆలివ్ నూనె రాయించుకుని, దాంతోపాటు భార్యచేత నాలుగు తిట్లు తిని, అప్పుడు దుకాణానికి వచ్చేవాడు.

"బెల్టు మిషన్ కొనుక్కోరాదా అన్నా," అన్నాను ఒకరోజు. "గరుకు పట్టీ గిర్రున తిరుగుతుంటే నువ్వు కత్తి ఆనించడమేగా. పొద్దంతా పట్టే పని టీ చల్లారేలోగా అయిపోతుంది."

"కొత్తది ఎంతో తెలుసా? నా దుకాణం, నీ పికప్పు, నిన్ను కూడా కలిపి అమ్మినా రాదు."

"నన్ను కలిపితే ధర ఇంకా పడిపోతుందిలే. పాతది వెతుకుదాం."

నా పేరు జల్లూల్. పికప్పు నడుపుతాను. గొర్రెలు, సిమెంటు, పెళ్ళిసామాను, ఏది ఎక్కిస్తే అది మోస్తాను. ఆ చలికాలమంతా బెల్గాసెమ్‌ని ఎక్కించుకుని పాత మిషన్ల వెంట తిరిగాను. సెతీఫ్ వైపు ఒకడు, మోటారుకి కొత్త తీగ చుట్టించానన్నాడు. బెల్గాసెమ్ వంగి వాసన చూసి, "చుట్టించాక మళ్ళీ కాల్చావు," అని లేచాడు. ఇంకోచోట చక్రం వంకర. బెల్టు ఎక్కిస్తే తాగుబోతులా పక్కకి నడిచి జారిపోయేది. "కొంచెం అలవాటు పడాలి," అన్నాడు అమ్మేవాడు. "ఎవరు, నేనా, అదా?" అన్నాడు బెల్గాసెమ్. మరొకటి మరీ చవక. ఎంత చవకంటే, దాన్ని అమ్మేవాడు మాట మాటకీ వీధి చివరికి చూస్తున్నాడు. మేమూ ఓసారి అటు చూసి మెల్లగా జారుకున్నాం.

"పాత మిషన్ని కంటితో కొనకూడదు, చెవితో కొనాలి," అనేవాడు బెల్గాసెమ్. తిరుగుతున్నప్పుడు విననిదే దేనికీ బయానా ఇచ్చేవాడు కాదు.

చివరికి గొర్రెల సంతలో, ఉన్ని కత్తిరించే ముసలాయన ఒకడు దారి చెప్పాడు. "బెత్మాలో స్లిమాన్ దగ్గర ఒకటుండేది. ఇటలీ సరుకు. మా కత్తెరలన్నీ ఆయనే సాన పట్టేవాడు. ఆయన పోయాడు, భార్య హద్దా ఉంది. అడిగి చూడండి." కాసేపాగి, "అటు ఇప్పుడెవరూ పోరులే," అన్నాడు.

ఎందుకు పోరని మేం అడగలేదు. బెత్మా పేరు వింటే మా వైపు ఎవరూ అడగరు. ఆయుధాలు పట్టి కొండల్లో దాగినవాళ్ళు చీకటిపడ్డాక ఊళ్ళమీద పడిన ఆ నల్ల ఏళ్ళలో, ఒక్క రాత్రికి ఆ ఊరు సగమైపోయింది. తుపాకులతో కాదు, కత్తులతో. మిగిలిన సగంలో చాలామంది తెల్లారగానే మూటలు కట్టుకుని దిగివచ్చేశారు. అది జరిగి అప్పటికి పదిహేనేళ్ళు దాటింది.

దారి బాగోలేదు. పైకి వెళ్ళేకొద్దీ పైకప్పులు కూలిన ఇళ్ళు, వాటిలోపల ఏపుగా పెరిగిన అత్తిచెట్లు. అక్కడక్కడ ఒక గొట్టంలోంచి పొగ. హద్దా ఇల్లు చివరన ఉంది. సన్నగా, నిటారుగా ఉన్న మనిషి. మజ్జిగ ఇచ్చింది, ఖర్జూరం పెట్టింది, మేం తినేదాకా వచ్చిన పని అడగలేదు. ఆ తర్వాత వాకిలి పక్కనున్న గది తాళం తీసి, మిషన్ మీది కంబళి లాగింది.

బెల్గాసెమ్ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. ఎక్కడా తుప్పు లేదు. చక్రాలకి నూనె మెరుస్తోంది. బెల్టు బిగువుగా ఉంది. ఆమె అడిగిన ధర మంచి పొట్టేళ్ళు రెండు కొంటే అయిపోయేంత. ఇన్నాళ్ళూ మేం చూసినవాటిలో కాలిపోయిన మోటారు కూడా అంతకు రాలేదు.

"ఒక్కసారి తిప్పి చూడొచ్చా పిన్నీ?"

"మీ ఊరికి తీసుకెళ్ళి తిప్పుకో నాయనా. ఇక్కడ వద్దు."

"వినకుండా ఎలా కొనను?"

"నచ్చకపోతే తెచ్చి పడెయ్. నీ డబ్బు నీకిస్తాను. ఇక్కడ మాత్రం వద్దు."

బెల్గాసెమ్ తటపటాయించాడు. నాకేమో ముసలమ్మలు దాచే లోపాల మీద అనుమానం ఎక్కువ. గోడకి ప్లగ్గు కనిపిస్తోంది. వాళ్ళిద్దరూ అటు తిరిగి మాట్లాడుతుండగా దూర్చి, మీట నొక్కాను.

మిషన్ లేచింది. మంచి గొంతు, ఎక్కడా గరగర లేదు. దాని కింద చిన్నగా, తడబడకుండా ఒక చప్పుడు: టక్, టక్, టక్. కొండ ఊరు, గాలి లేదు. ఆ చప్పుడు తలుపులోంచి బయటకు పోయి లోయంతా నడిచినట్టయింది.

ఎదురింటి తలుపు ధడాలున మూసుకుంది. గడియ పడింది, ఆ వెంటనే రెండో గడియ. బావి దగ్గర గాడిదతో నిలబడ్డ ముసలాయన తాడు వదిలేసి, గోడకి వీపు ఆనించి కూలబడ్డాడు. ఎవరూ అరవలేదు. పట్టపగలు ఊళ్ళో కిటికీలన్నీ ఒకటొకటిగా మూసుకోవడం ఆ గుమ్మంలోంచి చూశాను.

హద్దా వచ్చి ప్లగ్గు పీకింది. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఒక సాయంత్రం ఇది ఇక్కడ తిరిగింది నాయనా. అది విన్నవాళ్ళు ఇంకా కొందరు బతికే ఉన్నారు," అంది.

మిషన్ని పికప్పులోకి ఎక్కించి కిందికి దిగాం. దారిలో బెల్గాసెమ్ ఒక్కటే మాటన్నాడు. "చక్రం మీది రబ్బరు ఒకచోట లేచిపోయింది. బెల్టు అతుకు దానికి తగిలినప్పుడల్లా టక్కుమంటోంది. లోపం అంతే."

బెల్గాసెమ్ దుకాణం ఆనుకుని ముబారకా రొట్టెలు కాల్చి అమ్ముతుంది. యాభై దాటిన మనిషి. పిండితో తెల్లబడ్డ చేతులు, పెద్ద నోరు. మా ఇద్దరినీ రోజూ ఏదో ఒకటి అననిదే ఆమె పెనం వేడెక్కదు. ఆమెది ఏ ఊరో మాకు తెలియదు. కొండల మీదనుంచి దిగివచ్చినవాళ్ళు మా ఊళ్ళో చాలామంది, ఎవరూ ఊరి పేరు ఎత్తరు.

మిషన్ బిగించి మొదటిసారి తిప్పిన రోజున నేనూ అక్కడే ఉన్నాను. కాసేపటికి మాడు వాసన వచ్చింది. బయటికి వెళ్ళి చూస్తే పెనం మీద రొట్టె నల్లగా కాలుతోంది. ముబారకా లేదు. చెప్పులు అక్కడే ఉన్నాయి.

మర్నాడు తలకి గుడ్డ బిగించి కట్టుకుని వచ్చి దుకాణం గుమ్మంలో నిలబడింది.

"అది స్లిమాన్‌ది," అంది.

బెల్గాసెమ్ చేతిలోది కింద పెట్టాడు. "నీది బెత్మానా అక్కా?"

"స్లిమాన్ సాయంత్రం నమాజు వేళ దాటాక ఎప్పుడూ మిషన్ తిప్పేవాడు కాదు. ఆ రోజు పొద్దుగుంకేవేళ మొదలైంది. ఊరంతా విన్నాం. కొండల్లోవాళ్ళు గోనెసంచితో వాళ్ళింటికి వెళ్ళడం ఎవరో చూశారు. ఆ సంచిలో ఏముందో తెలిసిపోయింది. తలుపులు వేసుకుని, దీపాలు ఆర్పి కూర్చున్నాం. మా అన్న ఐసా నా పక్కనే ఉన్నాడు. టక్, టక్, టక్. ఎంతకీ ఆగదే. ఇన్ని కత్తులా, ఇన్ని కత్తులా అనుకుంటూ కూర్చున్నాం." గోడ పట్టుకుంది. "మేకల కొట్టంలో గడ్డి కింద నేను మిగిలాను. ఐసా మిగల్లేదు. తర్వాత సంతలో స్లిమాన్ ఎదురైతే మిగిలినవాళ్ళం ఆయన మొహాన ఉమ్మేవాళ్ళం. ఆయన చస్తే పాడె మొయ్యడానికి కూడా ఎవరం పోలేదు."

"ఇవాళే అమ్మేస్తాను దీన్ని," అన్నాడు బెల్గాసెమ్.

"నీ చెయ్యి చూశాను, నీ కడుపు కొట్టలేను. దాంతో ఏం చేస్తావో చూపించు. విన్నాను గానీ ఎప్పుడూ చూడలేదు."

ఆమెకి పీట వేశాడు. ఉల్లిపాయలు కోసుకునే చిన్న కత్తి ఒకటి తీసుకుని, బిస్మిల్లా అని మీట నొక్కాడు. టక్, టక్, టక్. ముబారకా రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుంది. బెల్గాసెమ్ కత్తి ఆనించాడు. మిషన్ గొంతు మారింది. చుర్రుమని రవ్వలు లేచాయి. ఆ రొదలో ఇంకేమీ వినపడలేదు.

"ఆగు!" అంది ముబారకా. అతను కత్తి వెనక్కి తీశాడు. మళ్ళీ టక్, టక్, టక్.

"మళ్ళీ పెట్టు."

పెట్టాడు. టక్కు లేదు.

"తియ్యి."

తీశాడు. టక్, టక్, టక్.

"కత్తి పెడితే ఆ చప్పుడు ఎందుకు రాదు?"

"ఇనుము బెల్టుని నొక్కేస్తుంది కదక్కా. అరిగే రొదలో అది మునిగిపోతుంది. ఖాళీగా తిరిగితేనే వినపడేది."

అన్నాక అతనికి తెలిసింది తనేమన్నాడో. మిషన్ ఆపేశాడు.

"ఆ సాయంత్రం మేం వేరే చప్పుడు వినలేదు," అంది ముబారకా. "మొదట్లో కాసేపు ఉందేమో. ఆ తర్వాతంతా ఇదే. ఆగకుండా ఇదే." తలెత్తి నన్ను చూసింది. "జల్లూల్, నీ బండి తియ్యి."

బెల్గాసెమ్ కూడా ఎక్కాడు. బెత్మా చేరేదాకా ఆమె కిటికీలోంచి తల తిప్పలేదు. తమ ఇల్లు దాటినప్పుడు కూడా ఇది మాదని అనలేదు. ఆమె వేళ్ళు తలుపు పిడిని పట్టుకోవడం చూసి నాకే అర్థమైంది.

హద్దా గుమ్మంలో గోధుమలు ఏరుతోంది. ముబారకాని గుర్తుపట్టింది. లేవలేదు, రమ్మనలేదు. ఉమ్మించుకోవడానికి సిద్ధపడినట్టు మొహం అలాగే ఎత్తి ఉంచింది.

ముబారకా ఆమె ఎదుట నేల మీద కూర్చుంది. "హద్దా, నీ మొగుడు ఆ సాయంత్రం మిషన్ ఖాళీగా ఎందుకు తిప్పాడు?"

హద్దా చేతిలోని జల్లెడ పక్కన పెట్టింది. "ఎవరు చెప్పారు నీకు?"

"మిషనే చెప్పింది."

గాలికి గోధుమ పొట్టు మా కాళ్ళ మీదకి ఎగిరింది. హద్దా మెల్లగా మొదలుపెట్టింది. "వాళ్ళకి నన్ను వంట చెయ్యమన్నారు. నలుగురు వాకిట్లో కూర్చున్నారు, ఒకడు గుమ్మం దగ్గర. కత్తులు తొందరగానే అయిపోయాయి. నేను నీళ్ళు ఇవ్వడానికి లోపలికి వెళ్ళాను. ఆయన గుమ్మానికి వీపు పెట్టి, పని చేస్తున్నవాడిలా వంగి నిలబడ్డాడు. చేతుల్లో ఏమీ లేదు. సాన పెట్టిన కత్తులు సంచి కింద ఉన్నాయి. నా వైపు చూసి పెదాలు కదిపాడు. 'ఊళ్ళోవాళ్ళు వింటారు. లేచి పారిపోతారు' అన్నాడు. వాళ్ళు తొందరపెడితే ఇనుము చెడ్డది, పదును నిలవడంలేదు అని చెప్పేవాడు. అన్నం చల్లారిపోయేదాకా తిప్పాడు. ఆ పొద్దుగూకేవేళ ఆ మిషన్ మోగితే ఊళ్ళో ఎవరికైనా తెలియదా అనుకున్నాడు."

"తెలిసింది," అంది ముబారకా. "అందుకే తలుపులు వేసుకున్నాం."

బెల్గాసెమ్ మొహం తిప్పుకుని కొండకేసి చూస్తున్నాడు.

"ఈ మాట మాకెందుకు చెప్పలేదే? ఆయన బతికున్నప్పుడు ఎందుకు చెప్పలేదు?" ముబారకా అరిచింది. "ఉమ్మించుకున్నాడే! పాడె మీద నలుగురు కూడా లేకుండా పోయాడే!"

"నేను చెబుతానన్నాను. ఒట్టు పెట్టించాడు. 'నన్ను తిట్టుకుంటూ వాళ్ళు బతకగలరు. విని కూడా లేవలేదని తెలిస్తే బతకలేరు. వాళ్ళని తిట్టుకోనీ' అన్నాడు." హద్దా కొంగుతో కళ్ళు కాదు, చేతులు తుడుచుకుంది. "నిన్ను చూశాక ఒట్టు నిలబడలేదు."

ముబారకా ఆమె మోకాళ్ళ మీద తల ఆనించింది. ఆ తర్వాతి మాట మాకు సగమే వినిపించింది. "ఐసా లేద్దామన్నాడు హద్దా. చెయ్యి పట్టుకుని లాగాడు కూడా. నేనే... కదిలితే వింటారేమో, కూర్చో అన్నాను. నేనే కూర్చోబెట్టాను."

హద్దా ఆమె తల మీద చెయ్యి వేసి ఉంచింది.

మేం పొద్దు ఉండగానే దిగివచ్చాం, ఇద్దరమే. ముబారకా అక్కడే ఉండిపోయింది. తర్వాత తెలిసింది, ఇద్దరు ఆడవాళ్ళూ స్లిమాన్ సమాధికి వెళ్ళి, ముళ్ళపొదలు కొట్టి శుభ్రం చేశారట. ఆ రోజు మిషన్ చప్పుడుకి తలుపులు మూసుకున్న ఎదురింటి మనిషి కూడా పార తీసుకుని వచ్చాడట. అతనికి ఎంత చెప్పారో, ఏం చెప్పారో నాకు తెలియదు.

ఆమె తిరిగివచ్చి రొట్టెలు మొదలుపెట్టింది. నోరు మాత్రం పాత నోరు కాదు. బెల్గాసెమ్ మణికట్టు కుదుటపడింది. ఆ మిషన్ మీద అతను చేసే కత్తులకి ఇప్పుడు దూరంనుంచి కూడా మనుషులు వస్తున్నారు. చక్రానికి కొత్త రబ్బరు వేయించి ఆ చప్పుడు లేకుండా చేస్తానని అతనే వెళ్ళి ఆమెని అడిగాడు. "వద్దు తమ్ముడూ, ఉండనీ," అంది.

మొన్న ఇనుప రేకులు దించడానికి వెళ్ళినప్పుడు చూశాను. బెల్గాసెమ్ మీట నొక్కాడు. కత్తి ఇంకా ఆనించలేదు. టక్, టక్, టక్. గోడ అవతల ముబారకా పిండి కలుపుతున్నదల్లా చేతులు విడిపించుకుని లేచింది. బయలుదేరబోయేదానిలా చెప్పులు వేసుకుని, వీధికేసి తిరిగి నిలబడింది. లోపల కత్తి బెల్టుకి తగిలింది, చప్పుడు మునిగిపోయింది. ఆమె ఇంకాసేపు అలాగే నిలబడి, చెప్పులు విడిచి, మళ్ళీ పిండి ముందు కూర్చుంది.

"రోజూ ఇంతేనా?" అని లోపలికి వెళ్ళి బెల్గాసెమ్‌ని అడిగాను.

"ప్రతిసారీ," అన్నాడు తలెత్తకుండా.