ఆఖరి కోటలో ఎలుకపిల్ల

ఇరవై ఏళ్లుగా భూపాలపల్లి బొగ్గుబాయిలో దిగుతున్నాను. నెత్తిమీద పెళ్లలు రాలినా జంకని నన్ను, అరచేతిలో పట్టే ఆట మిషన్‌లోని ఎలుకపిల్ల ఏడిపించింది.

ఆ మిషన్ మా చెల్లె కొడుకు అజయ్‌ది. కాటారం నుంచి వచ్చి మా ఇంట్లో మరిచిపోయాడు. అంతలో తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలై బస్సులు బందయ్యాయి. నేనూ సమ్మెలోనే. పగలు దీక్షా శిబిరంలో కూర్చుని, ఇంటికొచ్చాక ఏమీ తోచక దాన్ని పట్టుకున్నాను. మెడకు రుమాలు కట్టుకున్న బొద్దు ఎలుకపిల్ల మబ్బుల మీద గెంతుతూ, ముళ్ల గోతులు దాటుతూ పోవాలి. చూస్తే ముద్దొస్తుంది, ఆడితే ప్రాణం తీస్తుంది.

అన్నీ దాటాను. ఆఖరి కోట మిగిలింది. దాన్ని కింది నుంచి పైదాకా ఒక్క ఊపున ఎక్కాలి. మధ్యలో మిషన్ ఆగిపోతే మళ్లీ మొదటికే. సరిగ్గా కోట సగానికి వచ్చాక చార్జింగ్ అయిపోయేది. నిండా పెడదామంటే అంతసేపు కరెంటు ఉండదు.

"బొగ్గు తియ్యం అని మీరే కూసుంటిరి. కరెంటు లేదని మళ్ల మీరే మొత్తుకుంటరు. చేసుకున్నోనికి చేసుకున్నంత మహదేవ!" అని నా భార్య శారద నవ్వింది.

"నువ్వు జర నోరు మూస్తవా? గింత ఆటన్న గెలవనియ్యి నన్ను!"

నిజంగానే ఏడుపొచ్చింది. ఢిల్లీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. సమ్మె ముగిసేలోగా ఏదో ఒకటి గెలిచి తీరాలని పంతం పట్టాను. మర్నాడు శిబిరంలో మైకు జనరేటర్‌కు గుట్టుగా చార్జర్ తగిలించాను. మైకు చూసుకునే పోశాలు పట్టేశాడు.

"ఓ అన్నా, ఏంది గిది? ఉద్యమం జనరేటర్‌తోని ఎలుకను ఆడిస్తున్నవా?" అంటూ వైరు పీకేశాడు. అందరూ ఒకటే నవ్వు. తల కొట్టేసినట్టయింది.

కొన్నాళ్లకు సమ్మె ఆపేశారు. తెలంగాణ ఇస్తామని ఎవరూ చెప్పలేదు. తలొంచుకుని డ్యూటీకి పోయాం. బొగ్గు కదిలింది, కరెంటు నిలబడింది.

ఓ సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి శారద మిషన్‌ను నిండా చార్జింగ్ చేసి పెట్టింది. "రేపు అజయ్ వస్తడట. ఇయ్యాల గెలువు. కరెంటు పోదిగ" అంటూ నా చేతికిచ్చింది.

తెర మీద కోట గుమ్మం ముందు ఎలుకపిల్ల ఎగురుతోంది. పైన బల్బు భగభగా వెలుగుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"తెలంగాణ తేకపోతిమి, కరెంటైతే తెచ్చుకుంటిమి! సిగ్గున్నదా మాకు?" అని మిషన్‌ను మంచం మీదికి విసిరేశాను.

శారద లేచి లైటు ఆర్పేసింది. ఇద్దరం చీకట్లోనే కూర్చుని అన్నం తిన్నాం.