నాన్న పలికే ‘ఓ’

ఆ ఊరి ఇంగ్లిషులో ‘ఓ’ మారిపోతోంది. ‘రోడ్’, ‘గో’ లాంటి మాటల్లో పెద్దవాళ్లు దాన్ని ఒకేచోట నిలబెట్టి పలుకుతారు. కుర్రకారు నోట్లో అది చివరికొచ్చేసరికి ‘ఉ’లోకి జారుతుంది. ఆ జారుడు కొలవడమే చిట్టి పని. వాళ్లింట్లో మొదటి డిగ్రీ ఆమెది. ముప్పై ఇళ్లలో పెద్దవాళ్లలో ఒకరిని, పిల్లల్లో ఒకరిని రికార్డు చేయాలి. శుక్రవారంలోగా పూర్తయితే పని మరో ఏడాది పొడిగిస్తామన్నారు కాలేజీలో ఈ పరిశోధన నడిపే మేడమ్. ఇరవై తొమ్మిదయ్యాయి. ముప్పయ్యోది తమ ఇల్లే.

నాన్న లిఫ్టు మెకానిక్. ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చుని, కాగితంమీది మాటలన్నీ చదివాడు. మర్నాడు కాలేజీలో కంప్యూటర్ మీద ‘ఓ’ని గీతగా గీసి చూస్తే ఆయన గీత అచ్చం చిట్టి గీతలాగే జారింది.

“మీ ఇంట్లో మార్పే లేదన్నమాట. లెక్కలోకి ఎక్కించెయ్యి,” అన్నారు మేడమ్.

చిట్టికి చేతులు రాలేదు. పుట్టినప్పటినుంచీ విన్న గొంతు, అందులో ‘ఓ’ జారదని ఆ మాత్రం తెలియదా?

ఇంటికెళ్లి అడిగితే అమ్మ పకపకా నవ్వింది. “వారంనుంచి నీ ఫోన్ మాటలు చాటుగా వింటున్నారే! స్నానాల గదిలో ఒకటే ‘నో, గో’. పక్కింటావిడ గొంతునొప్పా అని అడిగింది.”

“నీ పరువు పోకూడదని నేర్చుకున్నానే,” అన్నాడు నాన్న. “సరిగ్గా రాలేదా?”

“వచ్చింది నాన్నా. కానీ అది నాది. వాళ్లకి నీది కావాలి.”

ఆయన ముఖం ముడుచుకుంది. “పనికెళ్లిన ప్రతి ఆఫీసులోనూ నా ఇంగ్లిషుకి నవ్వారు. ఆ నవ్వులపాలు నీ మిషన్లో కూడానా?”

“వద్దంటే చెరిపేస్తాను. ఇరవై తొమ్మిదే అయ్యాయని చెప్తాను.”

“అప్పుడు నీ పని?”

“పొడిగించరు.”

“పోనీ ఇదే ఉంచెయ్యి. ఎవరికి తెలుస్తుంది?”

“నాకు తెలుసుగా నాన్నా.”

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “ఆ కాగితం అవతల పారెయ్. అది చూస్తే నాలుక బిగుసుకుపోతుంది. లిఫ్టు సంగతి అడుగు.”

లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగితే ఏం చేస్తావని చిట్టి రికార్డు పెట్టి ఇంగ్లిషులో అడిగింది. ఆయనా ఇంగ్లిషులోనే మొదలుపెట్టాడు. చేతులు తిప్పుతూ, మీటలు నొక్కి పాడుచేసేవాళ్లని తిడుతూ ఇరవై నిమిషాలు చెప్పాడు. ‘ఓ’ ఎక్కడా జారలేదు.

అయ్యాక ఇయర్‌ఫోన్ తనే అడిగి తీసుకుని మొత్తం విన్నాడు. చిట్టి ఎదురుగా కూర్చుంది.

“పనిచేసేవాడి గొంతులాగే ఉంది,” అన్నాడు చివరికి. “పెట్టు.”